నాపాలో మా నాయన

బే ఏరియాలో ఉండే మన తెలుగువాళ్ళకి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తిప్పడానికి ఒక రూటు ఖాయంగా ఉంటుంది. మొదటి వారం జెట్ లాగ్. రెండో వారం లివర్‌మోర్ గుడి. ఆ తరవాత గోల్డెన్ గేట్ వంతెన దగ్గర చలికి వణుకుతూ ఒక ఫొటో, ఆనక యోసెమిటీ, ఇంకా ఓపికుంటే లాస్ వేగాస్. నాపా వ్యాలీ మాత్రం ఈ జాబితాలో ఉండదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గంటన్నర దూరం, ప్రపంచం నలుమూలల నుంచీ జనం విమానాలెక్కి వచ్చి చూసే చోటు, అయినా సరే "పెద్దవాళ్ళని తాగుడు యాత్రకి ఏం తీసుకెళ్తాం" అని మొహమాటం. స్నేహితులతో వెళ్ళి దిగిన ఫొటోలు కూడా ఫామిలీ గ్రూపులో పెట్టరు మనవాళ్ళు.

నాకా మొహమాటం లేదు. మాది గౌడ కుటుంబం, భువనగిరి అవతల ఒక పల్లె. మా తాత తాళ్ళు గీశాడు, మా నాయన ఇరవయ్యేళ్ళు గీశాడు. నేను ఇంటర్ లో ఉండగా చెట్టు మీంచి జారి నడుం దెబ్బ తిన్నాక మానేశాడు. అందుకని పోయినేడాది సెప్టెంబర్ లో అమ్మా నాయనా వచ్చినప్పుడు నేను మొదట అనుకున్న చోటే నాపా. అమ్మ "పోయి పోయి తాగుబోతోళ్ళ ఊరికి తీస్కపోతవా" అని ఒక పూటంతా అలిగింది. ఆవిడ కోపానికి కారణాలున్నాయి. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా వద్దని తిరగబడ్డప్పుడు ఆ గాలి మా వైపు దాకా వచ్చింది, 1995 లో మద్యనిషేధం పెట్టినప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు సంబరపడ్డారు, 1997 లో ఎత్తేసినప్పుడు తిట్టిపోశారు. కల్లు వేరు, సారా వేరు అని మా ఇంట్లో మగవాళ్ళు వాదించేవాళ్ళనుకోండి. అమ్మ ఆ వాదన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

సరే, నాపా సంగతి. పెద్ద లోయేం కాదు. పొడవు యాభై కిలోమీటర్లు ఉంటుందేమో, వెడల్పు ఎక్కువున్న చోట కూడా ఎనిమిది దాటదు. మధ్యలో 29వ నంబరు హైవే, దానికి తూర్పున సిల్వరాడో ట్రెయిల్ అని ఇంకో రోడ్డు, రెంటి మధ్యా అటూ ఇటూ ద్రాక్షతోటలు. కాలిఫోర్నియాలో తయారయ్యే వైన్ లో నాపాది నాలుగు శాతమే. పేరు మాత్రం వందశాతం కొట్టేసింది. దక్షిణాన కార్నెరోస్ వైపు సముద్రపాయ మీంచి వచ్చే పొగమంచుతో చల్లగా ఉంటుంది, ఉత్తరాన కాలిస్టోగాకి వెళ్ళేసరికి మధ్యాహ్నం మాడు పగిలే ఎండ. మామూలుగా ఉత్తరానికి వెళ్తే చల్లబడాలి కదా, ఇక్కడ తిరకాసు. అందుకే చల్లటి చోట షార్డనే, పినో న్వార్ పెడతారు, వేడి చోట కాబర్నే సావిన్యాన్ పెడతారు. ఇంత చిన్న లోయలో ముప్పై పైచిలుకు రకాల నేలలున్నాయిట. 1968 లోనే ఇక్కడివాళ్ళు ఈ భూమి వ్యవసాయానికి తప్ప ఇంక దేనికీ వాడకూడదని కట్టడి పెట్టుకున్నారు. అది లేకపోతే ఈపాటికి ఇది ఇంకో శాన్ హోసే అయ్యుండేది, మనమంతా అక్కడే ఇళ్ళు కొనుక్కుని ట్రాఫిక్ గురించి ఏడుస్తూ ఉండేవాళ్ళం.

మొదట కాలిస్టోగా దగ్గర కాస్టెల్లో డి అమోరోసా కి వెళ్ళాం. ఇటలీ కోటలా కట్టిన వైనరీ, 2007 లో తెరిచారు, 107 గదులు. 2020 సెప్టెంబర్ లో వచ్చిన గ్లాస్ ఫైర్ అనే కార్చిచ్చులో వీళ్ళ గోదాం ఒకటి కాలిపోయింది, కోట మిగిలింది. (ఆ ఏడాది పొగ పట్టిన ద్రాక్షతో రెడ్ వైన్ చెయ్యడం ఇష్టంలేక చాలామంది అసలు చెయ్యనేలేదు.) పిల్లలకి ద్రాక్షరసం పోస్తారు, అమ్మకి అది నచ్చింది, ఫొటోలు బాగా వచ్చాయి. గోల్కొండ చూసిన కళ్ళకి ఇంతకు మించి చెప్పడానికి ఏం లేదు.

అక్కణ్ణించి షాతో మాంటెలీనా. ఇది నా ముచ్చట. 1976 మే 24 న పారిస్ లో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయుడు ఒక పోటీ పెట్టాడు. ఫ్రెంచ్ వైన్లూ కాలిఫోర్నియా వైన్లూ కలిపి, లేబుళ్ళు కనపడకుండా, తొమ్మిదిమంది ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలకి పోశారు. తెల్లవాటిలో ఈ మాంటెలీనా 1973 షార్డనే, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 కాబర్నే మొదట నిలిచాయి. ఒక న్యాయనిర్ణేత కాలిఫోర్నియా వైన్ తాగి ఇదిగో ఫ్రాన్స్ అంటే ఇదీ అన్నట్టు మురిసిపోయాట్ట. అక్కడున్న ఒకే ఒక్క విలేఖరి, టైమ్ పత్రిక జార్జ్ టేబర్, ఆ ముక్క రాసేశాడు. నాపా దశ తిరిగింది ఆ రోజునే. మనలో మాట, ఆ గెలిచిన షార్డనే ద్రాక్షలో ఎక్కువభాగం పక్కనున్న సొనోమా కౌంటీవి! ఆ సంగతి నాపాలో గట్టిగా అనకూడదు.

అసలు నేను రాయాలనుకున్నది మూడో చోటు గురించి. రూథర్‌ఫర్డ్ దగ్గర ఒక చిన్న వైనరీ, ముందుగా చెప్పుకుని వెళ్ళాలి. (1990 నుంచి కౌంటీ చట్టం ప్రకారం కొత్త వైనరీలన్నీ అంతే. ఒకప్పుడు ఊరికే పోసేవాళ్ళు, ఇప్పుడు మనిషికి యాభై డాలర్ల కింద పోసేవాడు కనపడ్డం కష్టం.) కోతల కాలం కాబట్టి షెడ్డు తలుపు తీసేసరికి గుప్పున పులుపు వాసన. నాయన అక్కడే ఆగిపోయి, గాలి పీల్చి "నిన్నటిది" అన్నాడు. అడిగితే నిజంగానే ఆ తొట్టెలో ద్రాక్ష పులియడం మొదలై ఒకటిన్నర రోజు.

మాకు చూపించిన ఆయన ఆ కుటుంబంలోవాడే, అరవై దాటి ఉంటాయి. గోడమీద వాళ్ళ తాత ఫొటో, పక్కన నాన్న ఫొటో. మేం బయట కొన్న ఈస్టు వెయ్యం, తోటలో పండు మీద ఉండే ఈస్టుతోనే పులియనిస్తాం అని చాలా గొప్పగా చెప్పాడు. నేను నాయనకి తెలుగులో చెప్పాను. నాయన "గదేందిరా, మనం లొట్టి మొత్తం కడుగుతమా ఏంది? అడుగున ఉన్నదే కొత్తదాన్ని పులవెడతది. పులవొద్దనుకుంటె సున్నం పూస్తం" అన్నాడు. అది నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ఆయన నోట్ చేసుకున్నంత పని చేశాడు. అక్కణ్ణించి నాతో మాట్లాడడం మానేసి నాయనతోనే మాట్లాడాడు, మధ్యలో నేను దుబాసీని.

తరవాత నాలుగు గ్లాసుల్లో తలా ముప్పై మిల్లీలీటర్లు పోశాడు. చూడాలి, తిప్పాలి, వాసన పీల్చాలి, పుక్కిలించాలి, కావాలంటే పక్కనున్న బకెట్ లో ఉమ్మెయ్యాలి. నాయన అన్నీ చేశాడు, ఉమ్మడం మాత్రం చెయ్యలేదు. "మనిషి చేసిందాన్ని ఎట్ల పారబోస్తం" అని. ఇక్కడొకటి చెప్పాలి. వైన్ పుస్తకాల్లో రాసే వాసనల పట్టిక చూస్తే నాకు ఒళ్ళుమంట. బ్లాక్ కరెంట్, సెడార్, వయొలెట్ పువ్వులు... బ్లాక్ కరెంట్ ని మనం ఐస్‌క్రీమ్ లో తప్ప ఎక్కడైనా చూశామా? అదే టానిన్ అనే మాటకి ఇంగ్లీషువాడు అరపేజీ వివరణ ఇస్తాడు, నోరు ఎండినట్టు, నాలుక గరుకెక్కినట్టు అని. ద్రాక్ష తోలులోంచీ గింజల్లోంచీ, పీపా చెక్కలోంచీ వచ్చేది. నాయన కాబర్నే ఒక గుక్క తాగి ఒక్క మాటలో తేల్చేశాడు: "వగరు." ఇంకో గుక్క తాగి "నేరేడు పండు తిన్నట్టుంది" అన్నాడు. నేరేడుని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలీక నేను ఫోన్ లో బొమ్మ చూపించాను.

నాలుగోది అన్నిటికంటే ఖరీదైనది, సీసా రెండొందల డాలర్ల పైమాట. నాయన వాసన చూసి "పండు ఏది? కట్టె వాసనొస్తుంది" అన్నాడు. నేను కొంచెం మర్యాద కలిపి తర్జుమా చేద్దామనుకున్నాను గానీ మా ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన పకపకా నవ్వాడు. కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపా ఒక్కోటి వెయ్యి డాలర్లు దాటుతుంది, 225 లీటర్లు పడుతుంది, జనం డబ్బులిచ్చేది ఆ కట్టె వాసనకే అన్నాడు.

నాయన నాలుక గొప్పదని చెప్పడానికి ఇదంతా రాయట్లేదు. నాలుకల మీద నాకంత నమ్మకం లేదు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అని ఒక చిన్న వైనరీ ఆయన, రిటైరైన ప్రొఫెసరు, కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోంచి మూడుసార్లు పోయించి, వాళ్ళకి తెలీకుండా, మార్కులు పోల్చాడు. 2008 లో అచ్చువేశాడు. ఒకే వైన్ కి దగ్గరదగ్గర మార్కులు వేసినవాళ్ళు పదిమందిలో ఒక్కరు. మా ఆఫీసులో ఒకే ఇన్‌పుట్ కి మూడు రకాల అవుట్‌పుట్ ఇచ్చే ప్రోగ్రామ్ ని ఏమంటామో మీకు తెలుసు.

నాకు గుచ్చుకుంది ఆ తరవాత జరిగిన మాటలు. వెళ్ళబోతుంటే ఆయన "మీది ఎన్నో తరం?" అని నాయనని అడిగాడు. నాపాలో మూడో తరం అంటే పెద్ద పరువు, సీసా మీద అచ్చువేసుకుంటారు. నాయన నవ్వి "తరాలు లెక్కపెట్టేటోడెవడు? కాటమయ్య కాన్నుంచి గిదే" అన్నాడు. ఆయన నావైపు తిరిగి మరి నువ్వు అన్నాడు. సాఫ్ట్‌వేర్ అన్నాను. ఆయన ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. ఏమీ అన్లేదు, నా భుజం మీద చెయ్యేసి తట్టాడు. ఊళ్ళో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు గుడిదగ్గర డప్పులు కొట్టించారండీ! చెట్టెక్కనందుకు నన్ను చూసి జాలిపడ్డ మొదటి మనిషి ఈయనే.

కార్లో నాయన చాలాసేపు మాట్లాడలేదు. యూంట్‌విల్ దాటాక అడిగాడు. "గట్ల మొకం వెట్టిండేందిరా? నువ్వు మోకు వట్టలేదనా?"

"అవును నాయనా. వాళ్ళలో కొడుకు చెయ్యకపోతే బాధపడతారు."

"ఆయనెప్పుడన్న చెట్టు మీంచి పడ్డడా?"

నేనేం చెప్పను. ద్రాక్షతీగ మనిషి నడుం ఎత్తు. తాడిచెట్టుకి మోకు, ముస్తాదు కట్టుకుని రోజుకి రెండు పూటలా ఎక్కాలి, గెల చివర పొరలా చెక్కాలి, మందంగా చెక్కితే గెల ఎండిపోతుంది. పడి చచ్చిపోయినవాళ్ళు, మంచాన పడ్డవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పడకుండా పట్టి ఉంచే కిట్లు, కాటమయ్య రక్షణ కవచం అని పేరుపెట్టి, ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టింది 2024 లో. చంద్రుడి మీదకి మనం 2008 లోనే చంద్రయాన్ పంపాం.

వైన్ నాగరికత, కల్లు మోటు అనే మాటని నేను ఎప్పుడూ నమ్మలేదు. పోతాడు, పరుపుతాడు, పండుతాడు అని చెట్టుని బట్టీ కాలాన్ని బట్టీ కల్లు రుచి మారుతుంది, ఏ చెట్టుదో రేకలో పోయగానే చెప్పేవాళ్ళు మా ఊళ్ళో పదిమంది ఉండేవాళ్ళు. నాపావాడు దీన్నే తెర్వా అని ఫ్రెంచ్ లో అంటాడు. తేడా అంతా నిల్వలో ఉంది. వైన్ లో పదమూడు, పధ్నాలుగు శాతం ఆల్కహాల్, పీపాలో రెండేళ్ళు, సీసాలో ఇరవయ్యేళ్ళు దాచొచ్చు. దాచగలిగితే ఓడెక్కించొచ్చు, లేబుల్ అంటించొచ్చు, తాత పేరు రాయొచ్చు, బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తేవొచ్చు. కల్లు పొద్దున దించితే సాయంత్రానికి పుల్లన, మర్నాటికి సిర్కా. ఎక్స్‌పైరీ పన్నెండు గంటలున్న సరుకుకి బ్రాండ్ ఎలా కడతారు? పైగా ఆ రోజుల్లో చెట్టు రైతుది, లైసెన్సు ఆబ్కారీవాళ్ళది, చెట్టు పన్ను మాత్రం మాది. ఊళ్ళో చెట్టు కింద తాగేది పట్నం దుకాణానికి వెళ్ళేసరికి అందులో ఏం కలుస్తుందో దేవుడికెరుక. హైదరాబాద్ లో 2004 లో కల్లు దుకాణాలు మూయించారు, తెలంగాణ వచ్చాక 2014 లో మళ్ళీ తెరిచారు, 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ వార్త చూసి నాయన రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు.

ఇక్కడా నిషేధం వచ్చింది, 1920 నుంచి 1933 దాకా. నాపాలో చాలామంది ద్రాక్ష పీకేసి ప్రూన్ చెట్లు పెట్టుకున్నారు. బోల్యూ లాంటి ఒకటి రెండు వైనరీలు చర్చిలకి ప్రార్థన వైన్ అమ్మి బతికాయి. మళ్ళీ లేవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, 1966 లో రాబర్ట్ మోండావి ఓక్‌విల్ లో కట్టేదాకా చెప్పుకోదగ్గ కొత్త వైనరీయే రాలేదు. కానీ లేచింది. లేవడానికి భూమి వాళ్ళ చేతిలో ఉంది.

అందరి చేతిలోనూ కాదనుకోండి. తిరిగి వచ్చేటప్పుడు సిల్వరాడో ట్రెయిల్ పక్కన మెక్సికో కూలీలు ట్రక్కు దగ్గర కూచుని తింటున్నారు. కోతలు అర్ధరాత్రి మొదలుపెడతారు, తలకి లైట్లు కట్టుకుని, పండు చల్లగా ఉండగానే షెడ్డు చేరాలని. వాళ్ళుండే వసతి గృహాల కోసం 2002 నుంచీ తోటల యజమానులు ఎకరానికింత అని తమమీద తామే పన్ను వేసుకున్నారు, మంచిదే. అయినా ఆ గోడల మీద వాళ్ళ తాతల ఫొటోలు నాకెక్కడా కనపళ్ళేదు. నాయన కారాపమని, వాళ్ళ చేతుల్లో కొంకికత్తుల్ని కిటికీలోంచి చూశాడు. అలాంటిది కావాలన్నాడు.

సెయింట్ హెలీనాకి వెనక్కి తిప్పి ఒక హార్డ్‌వేర్ షాపులో కొన్నాం, పదిహేను డాలర్లు. వైన్ సీసాలు కొన్నంత సేపు పట్టింది ఎంచడానికి. బొటనవేలు అంచు మీద ఆనించి "పదునే లేదు, ఇంటికి పొయ్యి నూరుకోవాలె" అన్నాడు. చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టమని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.