డేటన్‌లో ఊహానౌకలకు గాలి పరీక్ష

ఒహాయో రాష్ట్రంలోని డేటన్ రైట్ సోదరుల ఊరు. మా అమ్మాయి ఆ దగ్గర్లోనే ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదువుతోంది. దాన్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు రెండు విండ్ టన్నెల్స్ చూశాను. ఒకటి మ్యూజియంలో, ఒకటి వాళ్ళ ల్యాబ్‌లో. గుంటూరులో ఫిజిక్స్ చెప్పి రిటైరైన నాకు బెర్నూలీ సూత్రం నోటికొచ్చు. గాలి ఎక్కడ మాట వింటుందో, ఎక్కడ మొండికేస్తుందో కళ్ళారా చూసింది మాత్రం అక్కడే.

అమెరికా వైమానిక దళం మ్యూజియంలో ఉన్నది 1901 నాటి టన్నెల్‌కు నమూనా. ఆర్విల్ రైట్ పర్యవేక్షణలోనే తయారైంది. ఆరడుగుల చెక్కపెట్టె, ఒక కొసన ఫ్యాను. అసలు దాంట్లో బలాలు కొలిచే తూనికను ఇనుము కోసే రంపం బ్లేళ్ళతో, సైకిల్ చువ్వల తీగతో చేసుకున్నారట. ఆ వేసవిలో వాళ్ళ గ్లైడర్‌కు లెక్కల ప్రకారం రావలసినంత లిఫ్ట్ రాలేదు. పుస్తకాల్లోని పట్టికలను నమ్ముకోకుండా తామే కొలుద్దామని, రేకులు కత్తిరించి, సుమారు 200 రెక్కల ఆకారాలను పెట్టెలో పెట్టి చూశారు. రెండేళ్ళకు విమానం ఎగిరింది. ఆ పెట్టె ముందు నుంచి కదలబుద్ధి కాలేదు నాకు.

ఆ శనివారం కాలేజీ ల్యాబ్ ఖాళీగా ఉంది. అనుమతి తీసుకుని మా అమ్మాయి, దాని స్నేహితులిద్దరు (ఒకడు నల్గొండ అబ్బాయి, ఒకడు ఒహాయో కుర్రవాడు) త్రీడీ ప్రింటర్ మీద చేసుకున్న 'స్టార్ వార్స్' నౌకలను పట్టుకొచ్చారు. మార్కులతో సంబంధం లేదు, కేవలం సరదా.

"శూన్యంలో తిరిగే వాటికి గాలి పరీక్ష ఎందుకే?" అన్నాను.

"గ్రహాల మీద దిగుతాయి కదమ్మా! 1980 సినిమాలో ఫాల్కన్ మబ్బుల్లోనే తిరుగుతుంది. అక్కడ గాలి ఉన్నట్టేగా" అంది.

వాళ్ళ టన్నెల్‌లో ఫ్యాను వెనక ఉండి గాలిని లాగుతుంది. ముందు మూతి దగ్గర తేనెపట్టు గదుల్లాంటి జాలీ గాలిలోని సుడులను సరిచేస్తుంది. నడుమ అడుగు చదరపు గది, చుట్టూ అక్రిలిక్ పలకలు. అందులో సన్నటి కడ్డీకి నమూనాను బిగిస్తారు. లిఫ్ట్, డ్రాగ్, పక్కకు తోసే బలం అన్నీ కంప్యూటర్ తెర మీద కనిపిస్తాయి.

మొదట టై ఫైటర్. నడుమ బంతిలాంటి కాక్‌పిట్, రెండు పక్కలా ఆరు మూలల పలకలు. ఒంటినిండా నూలు పోగులు టేపుతో అంటించారు. ఫ్యాను వేగం అందుకోగానే బంతి ముందువైపు పోగులు వెనక్కి వాలి అలాగే నిలిచిపోయాయి. వెనకవైపువి మాత్రం గిలగిల కొట్టుకుంటూ ముందుకు తిరిగాయి. అంటే అక్కడ గాలి ఎదురు నడుస్తోందన్న మాట! ఈ సంగతి ఎన్నేళ్ళు పాఠం చెప్పానో. ఒక దారప్పోగు చూపించినంత స్పష్టంగా ఎన్నడూ చెప్పలేకపోయాను.

"ఇప్పుడు చూడండి ఆంటీ" అంటూ నల్గొండ అబ్బాయి నమూనాను కాస్త పక్కకు తిప్పాడు. తెర మీద పక్కబలం అమాంతం పెరిగింది. పలక మీద గాలి బలం నడిమధ్యన కాక ముందంచు వైపు పడుతుంది కాబట్టి, కొంచెం తిరిగిన నౌకను ఇంకా తిప్పేస్తుంది. వదిలేస్తే గాలికి అడ్డంగా తిరిగిపోవలసిందే.

నమూనా యాభయ్యో వంతు అయితే, అసలు నౌక చుట్టూ ఉండే ప్రవాహం రావాలంటే గాలి యాభై రెట్లు వేగంగా వీచాలి. ఈ టన్నెల్‌లో అది కుదరని పని. అదే అడిగాను. పలకల విషయంలో ఫరవాలేదన్నారు. అంచు పదునుగా ఉంటే ఏ వేగంలోనైనా గాలి అక్కడే విడిపోతుంది. బంతి అలా కాదు. ఒక వేగం దాటాక దాని డ్రాగ్ ఒక్కసారిగా పడిపోతుంది. గోల్ఫ్ బంతికి గుంటలు పెట్టేది ఆ మార్పు ముందే రావడానికి.

ఎక్స్‌వింగ్ రెక్కలు విచ్చుకుంటే డ్రాగ్ పెరిగింది, అందరూ అనుకున్నట్టే.

ప్రతి పరీక్షకూ ముందు ఎవరి అంచనా వాళ్ళు కాగితం మీద రాసుకున్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మన ప్రాక్టికల్స్‌లో పిల్లలకు జవాబు ముందే తెలుసు, రీడింగులు దానికి సరిపోయేలా వేసేస్తారు. ఈ నౌకలకు వాళ్ళ పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. రేకు ముక్కలు కత్తిరించిన రైట్ సోదరులకూ అంతే, గాలిని అడగడం తప్ప వేరే దారి లేకపోయింది.

చివరికి ఫాల్కన్. పళ్ళెంలాంటి ఒళ్ళు, కాక్‌పిట్ మాత్రం కుడిపక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది. అందువల్ల ముక్కు కుడికి లాగింది. ముక్కు పైకెత్తే కొద్దీ లిఫ్ట్ పెరిగింది. మామూలు రెక్కయితే పదిహేను డిగ్రీల దగ్గర గాలి విడిపోయి లిఫ్ట్ పడిపోతుంది. మా అమ్మాయి అంచనా కూడా అదే. తెర మీద గీత ఇరవై దాటినా పైకే పోతోంది. ఇంకా పోతుందని రాసిన ఒహాయో కుర్రవాడు పొగ వదిలాడు. రెండు పక్క అంచుల మీంచి పొగ సుళ్ళు తిరుగుతూ పళ్ళెం పైకి ఎక్కింది. ఆ సుళ్ళే గాలిని విడిపోనివ్వకుండా అదిమి పెడుతున్నాయి. కాంకార్డ్ విమానం దిగేటప్పుడు దాని త్రికోణపు రెక్కలను మోసింది కూడా ఇలాంటి సుళ్ళే.

ముప్ఫైకి తిప్పమని ఈసారి నేనే అడిగాను. అక్కడా నిలబడింది. ఇంకాస్త ఎత్తబోతే కడ్డీ ఊగడం మొదలైంది. ఫ్యాను ఆపేశారు.