రెండు పేర్ల జంతువు

నల్లమలలో ఫరహాబాద్ ఉంది. ఫరహ్ అంటే సంతోషం. చెంచుల అడవిలో ఉర్దూ పేరు!

అక్కడ కొండెక్కుతుంటే తోడొచ్చిన చెంచు పెద్దాయన ఆగి "కొండగొర్రె" అన్నాడు, గుసగుసగా. మా నోట "చౌసింగా" అని వచ్చింది. నాలుగు కొమ్ములది అని. కొమ్ములు మగదానికే, ముందరి జత పొట్టిది. నీళ్లకు దూరం పోదు. మమ్మల్ని చూసి గడ్డిలో మాయమైంది.

"సిగ్గెక్కువ" అన్నాం.

"మనుషుల సంగతి దానికి తెలుసు సారూ" అన్నాడాయన.

మాకు ఇంట్లో ఉర్దూ, రాతలో తెలుగు. కిరాయి ఇల్లు అడగబోతే, మా తెలుగుకు మురిసిన ముఖమే పేరు చెప్పగానే ముడుచుకుంటుంది. చౌసింగా అన్నంత మాత్రాన 'నువ్వెక్కడి నుంచొచ్చావ్?' అని ఏ కొండా దాన్ని అడగలేదు. మమ్మల్నెందుకు అడుగుతారు?