డాక్టరు రాయనిది మనం రాయకూడదు

మాదాపూర్‌లోని ఆ మెడికల్ కోడింగ్ ఆఫీసులో అడుగుపెట్టక ముందే ఫోను, పెన్ను, సంచీ లాకర్లో పెట్టించారు. చదివేది అమెరికా రోగుల రికార్డులు కాబట్టి, రోగుల వివరాల గోప్యతను కాపాడే అక్కడి హిపా చట్టాన్ని ఇక్కడ గుమ్మం దగ్గర నుంచే పాటిస్తారు. పని జరిగే హాల్లోకి బయటివాళ్లను రానివ్వరు. నన్ను ట్రైనింగ్ గదిలో కూర్చోబెట్టారు. పేర్లూ ఊర్లూ చెరిపేసిన సాధన చార్టులు తెర మీద ఉన్నాయి.

నేర్చుకునేవాళ్లలో బీఫార్మసీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లే ఎక్కువ. ఆ పూట పాఠం, పెరిగిన టాన్సిల్స్.

చార్టులో పదకొండేళ్ల అబ్బాయి. రాత్రంతా గురక, నోటితో ఊపిరి. పరీక్షలో ‘టాన్సిల్స్ 3 ప్లస్’ అని ఉంది. అంటే గొంతు దారిలో సగం నుంచి ముప్పావు వంతు దాకా అవే నిండాయన్నమాట. చివర్లో డాక్టరు రాసింది ఇంతే: గురక, స్లీప్ ఆప్నియా అనుమానం, స్లీప్ స్టడీ చేయించాలి.

ఒక అమ్మాయి చకచకా జె 35.1, జి 47.33 కొట్టేసింది. మొదటిది టాన్సిల్స్ పెరుగుదల, రెండోది స్లీప్ ఆప్నియా. ట్రైనర్ రెండూ తీసేయించింది. అవుట్‌పేషెంట్ చార్టులో అనుమానానికి కోడ్ ఇవ్వకూడదు. మిగిలింది గురక ఒక్కటే, ఆర్ 06.83.

“అక్కా, 3 ప్లస్ అంటే పెరిగినట్టే కదా?”

“పెరిగినట్టే. ఆ మాట డాక్టరు అనాలి, మనం కాదు.”

ఈ పనిని డేటా ఎంట్రీ అని తీసిపారేసేవాళ్లు ఆ నిమిషం అక్కడ ఉండాల్సింది. తెలిసి కూడా రాయకుండా ఆగడానికి చదువు కావాలి, నిబ్బరమూ కావాలి.

టాన్సిల్స్‌తో పాటు అడినాయిడ్స్ కూడా పెరిగితే రెండు కోడ్లు వేయరు, జె 35.3 ఒక్కటే. దీర్ఘకాలిక టాన్సిలైటిస్ కూడా ఉంటే జె 35.1 పక్కకు తప్పుకుని జె 35.0 వరుస వస్తుంది.

తర్వాత వచ్చిన ఆపరేషన్ చార్టు దగ్గర అందరూ తడబడ్డారు. టాన్సిల్స్, అడినాయిడ్స్ రెండూ తీస్తే పన్నెండేళ్ల లోపు పిల్లలకు 42820, పన్నెండు నిండితే 42821. క్లినిక్ నోట్‌లో వయసు 11 అనే ఉంది. పుట్టిన తేదీ చూస్తే ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే పన్నెండు నిండాయి. లెక్కలోకి వచ్చేది ఆపరేషన్ నాటి వయసే. గొంతు నొప్పులకు ఆపరేషన్ అయితే ఇంకా చాలా వెతకాలి. ఏడాదిలో 7 సార్లు, లేదా రెండేళ్లపాటు ఏటా 5, లేదా మూడేళ్లపాటు ఏటా 3 అన్నది వైద్యుల ప్రమాణం. ప్రతిసారీ జ్వరమో, చీమో, మెడ గ్రంథుల వాపో, స్ట్రెప్ పరీక్షలో పాజిటివ్ ఫలితమో రికార్డులో కనిపించాలి. ‘తరచూ గొంతు నొప్పి’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే బీమా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు బిల్లు ఆ తల్లిదండ్రుల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. డాక్టర్లు ఇంకో రెండు వాక్యాలు రాయాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే.

చివరికి మొదటి చార్టుకు క్వెరీ, అంటే డాక్టరుకు పంపే ప్రశ్న, రాయమన్నారు. అదే అమ్మాయి, “టాన్సిల్స్ పెరుగుదల అని చేర్చగలరు” అని రాసింది. జవాబు మనమే అందించినట్టవుతుంది, అది నిబంధనలకు విరుద్ధం అంది ట్రైనర్. అమ్మాయి చెరిపి మళ్లీ రాసింది: “పరీక్షలో టాన్సిల్స్ 3 ప్లస్ అని నమోదైంది. దీనికి సంబంధించి మీ నిర్ధారణ ఏదైనా ఉంటే దయచేసి తెలపండి.” ఈసారి ట్రైనర్ సరేనంది. డాక్టరు జవాబు తేదీతో, సంతకంతో రికార్డులో చేరాకే కోడ్ మార్చాలని చెప్పి, తర్వాతి చార్టు తెరిచింది.