మిరపపొడి చల్లినట్టు కనిపించేదాకా

పొద్దున ఎనిమిదిన్నరకే డ్రెస్సింగ్ గది ముందు బల్లలు నిండిపోయాయి. కోస్తాలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి అది. ఎముకల విభాగంలో ఈ వార్డుకు గోడ మీద ఒక నంబరు ఉంది కానీ, ఆయాల దగ్గర్నుంచి బయట ఆటోవాళ్ల దాకా అందరూ సెప్టిక్ వార్డనే అంటారు. ఎవరి పేరూ రాయనని మాటిచ్చి లోపలికి వెళ్లాను. తలుపు తీయగానే వాసన తగిలింది. స్పిరిట్ ఘాటు కింద ఇంకొకటి, తియ్యగా, కుళ్లుగా. దాన్ని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు. మా ఇంటి వసారాలో అది పదకొండేళ్లు ఉంది.

1986లో మా చిన్నాన్న కాలి మీదుగా ఎడ్లబండి చక్రం వెళ్లింది. నాకప్పుడు ఆరేళ్లు. మోకాలి కింద ముందరి ఎముక విరిగి, తోలు చీల్చుకుని తెల్లగా బయటికి వచ్చింది. గాయం నిండా మట్టి, పేడ. ఇంట్లోవాళ్లు కాఫీపొడి అద్ది, గుడ్డ చుట్టి, పక్కూళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు. తోలు తెగకుండా విరిగిన ఎముకలు అలాంటి కట్టుతో అతుక్కుని, మళ్లీ పొలం పనులకు వెళ్లినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. ఆ నమ్మకంతోనే వెళ్లారు. కానీ ఎముక బయటపడ్డ గాయం సంగతి వేరు. తొమ్మిదో రోజుకు కట్టు కిందనుంచి రసి కారింది. చివరికి పిక్క ముందు ఒక చిన్న కన్నం మిగిలింది. అది మూసుకుంటే జ్వరం, తెరుచుకుంటే చీము. ఊళ్లో మందులిచ్చే ఆయన అయిదు రోజులకు బిళ్లలిచ్చేవాడు. తగ్గేది. మూడు నెలలకు మళ్లీ మొదలు. ఒకనాడు ఆ కన్నంలోంచి వేలిగోరంత ఎముక ముక్క దానంతటదే బయటికి వచ్చింది. నాయనమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇదేరా ఇన్నాళ్లూ నా బిడ్డను తింటున్నది" అంది. ఆవిడ చెప్పింది ఎంత నిజమో ఈ వార్డులోనే నాకు తెలిసింది.

యూనిట్ పెద్ద డాక్టరుగారు ఒక ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. ఎముకంతా మసకగా ఉంది, మధ్యలో ఒక ముక్క మాత్రం సుద్దలా తెల్లగా. "తెల్లగా ఉంది కదా అని ఇదే గట్టిదనుకునేరు. ఇది చచ్చిపోయింది. చుట్టూ బతికున్న ఎముకలోంచి కాల్షియం కరిగిపోయింది. దీంట్లోంచి కరగాలన్నా రక్తం కావాలిగా, అదే లేదు" అన్నారు.

ఆ తర్వాత నడుస్తూనే వివరించారు. కండలో చీము పడితే కండ వాస్తుంది, చోటిస్తుంది. ఎముక గట్టి గొట్టం, వాయడానికి చోటుండదు. లోపల మూలుగలో చీము పెరిగేకొద్దీ ఒత్తిడికి రక్తనాళాలు నలిగిపోతాయి. రక్తం అందని ముక్క చచ్చిపోతుంది. పైపొర చీముకు లేచి, చుట్టూ కొత్త ఎముకను కడుతుంది. చచ్చిన ముక్క ఆ గూటిలో ఇరుక్కుని కూర్చుంటుంది. చీము గూటికి కన్నం చేసుకుని బయటికి దారి వెతుక్కుంటుంది. ఆ ముక్క మీదా, లోపల వేసిన స్టీలు రాడ్డు మీదా సూక్ష్మజీవులు నీళ్లతొట్టి గోడకు పాచి పట్టినట్టు అంటుకుని ఉంటాయి. మనం వేసుకునే బిళ్ల రక్తంలో కలిసి వెళ్లాలి కదా. "కాలవే లేని చేనుకు పైన ఎన్ని లాకులెత్తితే ఏం లాభం?" డెల్టాలో పుట్టిన మనిషి, ఆ పోలిక ఆయనకు వెతక్కుండానే వచ్చింది. పదకొండేళ్లు మింగిన బిళ్లలన్నీ నాకు కళ్లముందు తిరిగాయి. మందు చెడ్డది కాదు. అది చేరాల్సిన చోటికి దారి లేదు.

పదిన్నరకు ఆపరేషన్ థియేటర్‌లో మాస్కు కట్టించి గోడవారగా నిలబెట్టారు. ఉలి, సుత్తి. నిజంగా వడ్రంగి చప్పుడే. చచ్చిన ఎముకను కొంచెం కొంచెంగా చెక్కి తీస్తున్నారు. ముందు వచ్చిన ముక్కలు పాత దంతంలా పాలిపోయి, పొడిగా ఉన్నాయి. ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందని అడిగాను. దగ్గరికి రమ్మన్నారు. చెక్కిన చోట ఎముక మీద సన్నటి ఎర్రచుక్కలు ఒక్కొక్కటిగా చెమర్చడం మొదలైంది. వేరే దేశాల డాక్టర్లు దీన్ని పాప్రికా గుర్తు అంటారట. పాప్రికా అంటే వాళ్ల ఎర్రమిరప పొడి. మనకు అనువాదం అక్కర్లేదు, అచ్చం అన్నం మీద మిరపపొడి చల్లినట్టే ఉంది. రక్తం చెమర్చిందంటే బతికున్న ఎముక వచ్చినట్టు, ఉలి అక్కడ ఆగుతుంది. తర్వాత సెలైన్ బాటిళ్లు ఒకదాని వెనక ఒకటి పోసి కడిగారు. ఆ ఖాళీలో తెల్లటి గుళికలు నింపారు, నానబెట్టని సగ్గుబియ్యంలా ఉన్నాయి. పిండికట్టుకు వాడే కాల్షియం సల్ఫేటు జాతిదే, యాంటీబయాటిక్ కలిపి చేస్తారు. కొన్ని వారాల్లో అదే కరిగిపోతూ మందును అక్కడికక్కడే వదులుతుంది. రక్తం మోసుకెళ్లలేని చోటికి మందును చేత్తో తీసుకెళ్లి పెట్టడమన్నమాట.

తీసిన ముక్కల్లో అయిదింటిని అయిదు సీసాల్లో వేసి ల్యాబుకు పంపారు. కన్నం మీద దూది అద్ది పరీక్షకు పంపితే తోలు మీద ఉండేవన్నీ మొలుస్తాయి, అసలు దొంగ దొరకడు. ఎముకలోంచే తీయాలి. అందుకే ఒంట్లో జ్వరం, విషలక్షణాలు లేనివాళ్లకు ఆపరేషన్‌కు రెండు వారాల ముందునుంచీ యాంటీబయాటిక్స్ ఆపిస్తారు. ల్యాబులో ఒకమ్మాయి ముందురోజు పళ్లెం తెరిచి చూపించింది. ఎర్రటి పొర మీద లేత బంగారు రంగు చుక్కలు. స్టాఫిలోకాకస్ ఆరియస్. ద్రాక్షగుత్తిలా కనబడుతుందని 1880లలో స్కాట్లండ్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ మొదటి పేరు పెడితే, 1884లో జర్మనీకి చెందిన రోజెన్‌బాఖ్ రంగును బట్టి రెండోది చేర్చాడు. ఎముకల్లో చీముకు ఎక్కువగా ఇదే కారణం. మనలో చాలామంది ముక్కుల్లో ఏ హానీ చేయకుండా కాపురముంటుంది కూడా. పక్క పళ్లెంలో మందు బిళ్లల చుట్టూ కొన్నిచోట్ల ఖాళీ వలయాలున్నాయి, కొన్నిచోట్ల లేవు. వలయం లేని మందు ఈ రోగికి పనిచేయదు.

మందు సాధారణంగా ఆరు వారాలు. అన్నాళ్లూ సూదులే కావాలా అన్నది పాత తగాదా. బ్రిటన్‌లో 26 ఆసుపత్రుల్లో 1,054 మందిని పరీక్షించి 2019లో ఫలితం ప్రకటించారు: సరైన మందు ఎంచుకుంటే నోటి బిళ్లలు సూదులకు తీసిపోవని తేలింది. కూలి మానుకుని నెలన్నర మంచం మీద ఉండలేని ఇంటికి ఇది ఎంత పెద్ద మాటో నాకు తెలుసు.

పిల్లల వార్డులో తొమ్మిదేళ్ల పాప. దెబ్బ తగల్లేదు. జ్వరం వచ్చింది, మోకాలి పైన ముట్టుకోనివ్వడం లేదు. "ఆటలో బెణికిందనుకున్నాం, అమ్మా" అని వాళ్లమ్మ సిస్టరుకు మళ్లీ మళ్లీ చెబుతోంది. ఒంటి మీద సెగగడ్డ నుంచో, గోకిన పుండు నుంచో రక్తంలో చేరిన సూక్ష్మజీవి, పెరిగే ఎముక చివర రక్తనాళాలు మలుపు తిరిగి ప్రవాహం నెమ్మదించే చోట దిగిపోతుంది. మొదటి పది, పద్నాలుగు రోజులు ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. దాన్ని చూసి ఏమీ లేదని పంపించేస్తే, ఆ రోజుల్లోనే ఎముక చచ్చిపోతుంది. ఈ పాపకు నాలుగో రోజునే ఎమ్మారై తీశారు, సూది మొదలుపెట్టారు. చాలా మటుకు ఉలి అవసరం రాదన్నారు. ఏజెన్సీ ఊళ్లనుంచి వచ్చే పిల్లలకు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉందేమో కూడా చూస్తారు, ఆ జబ్బున్నవాళ్లలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఎముకకు పట్టే గుణం ఉంది. వెన్నెముకకు పట్టే క్షయ మరో దారి. దాని మందులు ఏడాదికి తక్కువ కాదు.

వరసలో చివర షుగరున్న పెద్దాయన. చెప్పులోంచి మేకు దిగి మూడు రోజులైనా తెలియలేదట, పాదానికి స్పర్శే లేదు. కుర్ర డాక్టరు "కొంచెం ఓర్చుకోండి పెద్దాయనా" అని పుండులోకి మొద్దు మొన ఉన్న సన్నటి స్టీలు పుల్ల పెట్టాడు. లోపల గట్టిగా తగిలి ఆగింది. అంతే, డాక్టరు ముఖం మారింది. పుల్లకు ఎముక తగిలితే జబ్బు ఎముకదాకా వెళ్లిందని దాదాపు తేలినట్టే. పెద్దాయన మాత్రం "నొప్పే లేదు సారూ" అని ధీమాగా ఉన్నాడు. ఆ ధీమా చూస్తే నాకు భయమేసింది.

కిటికీ పక్క మంచం మీది అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. బైకు మెకానిక్ షెడ్డులో పని. బండి ప్రమాదంలో కాలు విరిగితే రాడ్డు వేశారు, చీము పట్టింది. ఇక్కడ రాడ్డు తీసి, చెడిన ఎముక ఆరు సెంటీమీటర్లు కోసేసి, కాలి చుట్టూ స్టీలు రింగులు బిగించారు. సైబీరియాలోని కుర్గాన్ అనే ఊళ్లో గావ్రిల్ ఇలిజారోవ్ 1950లలో పట్టుకున్న పద్ధతి ఇది. 1964 ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం గెలిచిన వాలెరీ బ్రూమెల్, మరుసటి ఏడాది మోటారుసైకిలు ప్రమాదంలో కాలు చితికిపోతే, ఎన్నో ఆపరేషన్ల తర్వాత చివరికి ఆయన దగ్గరికే వెళ్లాడు. 1981లో ఇటలీలో ఇలిజారోవ్ ఉపన్యసించేదాకా పశ్చిమ దేశాల డాక్టర్లకు దీని సంగతి పెద్దగా తెలియదు. ఆరోగ్యంగా ఉన్న చోట ఎముకను సన్నగా కోసి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున కిందికి జరుపుతారు. వెనక మిగిలే సందులో శరీరం కొత్త ఎముక పోస్తుంది. అరవై రోజులు జరపాలి, అది గట్టిపడేదాకా ఇంకా కొన్ని నెలలు రింగులు ఉండాలి.

మా చిన్నాన్నకు 1997లో ఆపరేషన్ అయి చీము ఆగింది. కాలు అంగుళంన్నర పొట్టి అయింది. ఇప్పటికీ పంచె మడమలదాకా కడతాడు. గాయమైన పూట శుభ్రమైన నీళ్లు ధారగా పోసి కడిగి, ఉతికిన గుడ్డ కప్పి, ఆకూ పొడీ ఏదీ పెట్టకుండా మొదటి గంటల్లోనే ఆసుపత్రికి తెచ్చి, యాంటీబయాటిక్ సూదీ ధనుర్వాతం సూదీ వేయించి ఉంటే ఎలా ఉండేదని డాక్టరుగారిని అడిగాను. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "అప్పుడు మీ ఊరినుంచి ఆసుపత్రి ఎంత దూరం?" అన్నారు. నలభై కిలోమీటర్లు, రెండు బస్సులు.

పన్నెండు కొట్టింది. అబ్బాయి దిండు కిందనుంచి పది నంబరు పానా తీశాడు, షెడ్డులో రోజూ వాడే సైజే. కాలిని మడతపెట్టిన దుప్పటి మీద సర్దుకుని, నట్టును పావు చుట్టు తిప్పాడు. పావు చుట్టంటే పావు మిల్లీమీటరు. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లు. ముఖం కొంచెం ముడుచుకుంది. మిగతా మూడు నట్లూ అంతే. వాళ్లమ్మ ఒళ్లో రూళ్ల నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని ఉంది. "అయిందా నాయనా?" అని అడిగి, ముప్పై ఏడో రోజు గడిలో రెండో టిక్కు పెట్టింది.