చెరువు తప్పించుకునే ఆట

గోల్ఫ్ ఆడాలంటే ముందు గడ్డి వుండాలి. గడ్డి వుండాలంటే నీళ్లుండాలి. ఎండలు మండే దేశాల్లో 18 గుంతల మైదానం ఒక్కదానికే రోజూ లక్షల లీటర్లు పారించవలసి వస్తుందట! మా అనంతపురం ప్రాంతంలో యేడాదికి సగటున పడే వాన సుమారు 55 సెంటీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దింపుకుని వుత్త చేతులతో వస్తాయి. ఈశాన్యపు మేఘాలు కోస్తా దాటి మా దాకా నడిచేసరికి అలసిపోతాయి. కనుక మాబోటివాళ్లకు గోల్ఫ్ అరచేతిలో ఆడుకోవలసిందే.

ఆ మధ్య మా మేనల్లుడు బెంగుళూరు నుంచి వచ్చి, పాత సామానులో దొరికిందంటూ ఒక 'గేమ్ బాయ్' యిచ్చి వెళ్లాడు. జపాను నింటెండో వారు 1989లో తెచ్చిన చేతి యంత్రం అది. గోడగడియారంలో వేసే చిన్న సెల్లులు నాలుగు మింగుతుంది. తెరకు రంగులు లేవు. ఉన్నవి నాలుగు ఛాయలు, నాలుగూ వాడిన గోంగూర పచ్చే. అందులో గోల్ఫ్ ఆట. మన గోలీలాటలో లాగే బంతిని గుంతలో పడెయ్యాలి. మీట మూడుసార్లు నొక్కాలి. మొదటి నొక్కుకు గీతమీద గుర్తు పరుగు తీస్తుంది, రెండో నొక్కుకు దెబ్బ బలం తేలుతుంది, మూడో నొక్కుకు బంతి తిన్నగా పోతుందో పక్కకు పోతుందో తేలుతుంది. టెలివిజనుకు తగిలించి ఆడుకునే యంత్రం కోసం 1984లో వచ్చిన గోల్ఫ్ ఆటలోనూ యిదే పద్ధతి. ఆ ఆటకు ప్రోగ్రాము రాసిన సతోరు ఇవాతా తరువాత ఆ కంపెనీకే అధ్యక్షుడై, 2015లో పోయాడు. యంత్రపు జ్ఞాపకంలో అంత యిరుకు చోట 18 గుంతలూ యిమిడ్చిన నేర్పు తలుచుకుంటే, తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు కందపద్యం గుర్తొచ్చింది.

అయితే ఆ ఆట ఆడింది నేను కాదు, మా నాయన. పోయిన వేసవిలో మా చేలో మూడో బోరు కూడా దుమ్మే కక్కింది. శనక్కాయ వేయడం మాని మా యింటికి వచ్చేసిన నాయన, వాకిట్లో కుర్చీ వేసుకుని, అన్నానికి పిలిస్తే తప్ప నోరు విప్పేవాడు కాదు. డెబ్బయి యెనిమిదేళ్ల మనిషికి ఆ బొమ్మ యిస్తే నలుగురూ నవ్వుతారని మా ఆవిడ గొణిగింది.

నాయన కంటికి ముందు ఆనింది తెరమీది చిన్న బాణం.

"అదేమిరా?"

"గాలి నాయనా. ఎటు వీస్తావుందో చూపిస్తుంది."

"అట్ల చెప్పు!" అని యంత్రం లాక్కున్నాడు. అరవై యేండ్లు కళ్లంలో గాలి చూసి తూర్పారబట్టిన చెయ్యి! నాలుగో గుంతకల్లా బంతి చెప్పినట్టు విన్నది.

తరువాత ఒక నీళ్ల కుంట అడ్డం వచ్చింది. బంతి నీళ్లలో పడితే ఒక దెబ్బ శిక్ష అని నియమం చెప్పాను. నాయన చాలాసేపు తెర వంక చూశాడు.

"చెరువు నిండా నీళ్లుంటే, తప్పించుకోని పొయ్యేది ఆటనా?"

"ఆ ఆట పుట్టింది స్కాట్లాండులో నాయనా. వాళ్లకు వానలకేం కొదవ?"

"అయితే సరే" అని, గురిచూసి బంతిని నీళ్లలో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. శిక్షమీద శిక్ష పడుతూనే వుంది. నాయన చెబుతూనే వున్నాడు: మా వూరి చెరువు యే యేడు మరవ పారిందీ, ఆ రాత్రి వూరంతా లాంతర్లు పట్టుకుని కట్టమీదికి యెట్లా పోయిందీ, మరవ కింద పంచె అడ్డం పట్టి తాను చేపలు పట్టిందీ, మా అమ్మ యెందుకు తిట్టిందీ. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

సెల్లులు అయిపోయి తెర మాసిపోయేదాకా చెప్పాడు. మర్నాడు కాలేజీ నుంచి వస్తూ రెండు డజన్లు కొనుక్కొచ్చాను.