యముడి కొలువులో సమ్మె

వెండితెర మీద రాముడిగా, కృష్ణుడిగా హారతులందుకున్న ఎన్టీ రామారావు 1977లో యమలోకానికి వెళ్లి పేచీ పెట్టుకున్నారు. తాతినేని రామారావు తీసిన ‘యమగోల’ అది. కైకాల సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు. కథానాయకుడు అక్కడ తపస్సు చేయడు, శరణు వేడడు. యమభటులను కూడగట్టి సమ్మె చేయిస్తాడు. దేశంలో ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాదే నరకంలో సమ్మె! ఎనిమిదేళ్లు తిరిగేసరికి, 1985లో, హిందూపురం ఓటర్లు ఆయన్ను శాసనసభకు పంపారు. 1989లో పంపారు, 1994లోనూ పంపారు. కృష్ణుడి వేషానికి దండం పెట్టినవాళ్లు వేరు, యముణ్ణి ఆటపట్టిస్తే ఈల వేసినవాళ్లు వేరు అనుకుంటే మాత్రం లెక్క తప్పినట్టే.

అసలు 1960లోనే ‘దేవాంతకుడు’లో ఎస్వీ రంగారావు వేసిన యముణ్ణి ఎన్టీ రామారావు ముప్పుతిప్పలు పెట్టారు. ‘యముడికి మొగుడు’ (1988)లో గడువు తీరకుండానే చిరంజీవి ప్రాణం పట్టుకుపోయి యమలోకం వాళ్లు నాలిక కరుచుకుంటారు. ‘యమలీల’ (1994)లోనైతే ఏకంగా భవిష్యవాణి గ్రంథమే జారి భూమ్మీద పడుతుంది. ఇన్ని సినిమాల్లోనూ యముడు ఉన్నాడా లేడా అని ఎవరూ అడగరు. ఉన్నాడు, కొలువుంది, చిట్టా ఉంది. అనుమానమల్లా ఆ చిట్టా సరిగ్గా రాశారా అన్నదే. పింఛను కోసం తాలూకాఫీసు చుట్టూ తిరిగినవాడికి వచ్చే అనుమానమే ఇది.

ఇంగ్లండులో టెర్రీ ప్రాచెట్ మరో దారి పట్టాడు. ‘స్మాల్ గాడ్స్’ (1992) నవలలో ఓమ్ అనే మహాదేవుడు తాబేలై పాకుతుంటాడు. గుడులెన్నున్నా, పూజారులెందరున్నా, మనసారా నమ్మేవాడు ఒక్కడే మిగిలాడు మరి. మన యముడికి ఆ బెంగ లేదు. నమ్మేవాళ్లకు కొదవ లేదు, వాళ్ల అర్జీలతోనే తలనొప్పి.

చిట్టా గొడవ ఎప్పుడూ నవ్వులాట కాదు. హిందూపురం పక్కనే లేపాక్షిలో వీరభద్రాలయం కట్టించిన విరూపణ్ణ రాజుగారి ఖజానా వాడేశాడని నింద పడితే, తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని కథ. ఆ ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. నెత్తురా, రంగా అని దగ్గరికెళ్లి పరీక్షగా చూసేవాళ్లుంటారు. చూసి, దండం పెట్టి వచ్చేదీ వాళ్లే.

సినిమా పుట్టకముందు దేవుళ్ల మధ్య నవ్వులు పూయించే పని తోలుబొమ్మలది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలు గీకి పలచన చేసి, రంగులద్ది, నగల చోట సన్నటి చిల్లులు పొడుస్తారు. వెనక దీపం పెట్టగానే రాముడి కిరీటం మిలమిల్లాడుతుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ తోలుతో దీపాల తొడుగులే ఎక్కువగా చేస్తున్నారు. ఆటంటూ జరిగితే మాత్రం, రామాయణం రక్తికట్టిన వేళకు నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడూ బంగారక్కా తెర మీదికి దూరాల్సిందే. వాళ్ల సరసం మోటు, తిట్లు పచ్చివి. ఆ గోల సద్దుమణిగాక యుద్ధం మళ్లీ సాగుతుంది. రాముడు చిన్నబుచ్చుకున్న దాఖలా లేదు.

వానలు మొహం చాటేసిన ఏడు విరాటపర్వం ఆడించడం తెలుగు పల్లెల పాత అలవాటు. వాన కోసం మొక్కి కట్టించిన ఆటలోనూ పోలిగాడి వాటా తగ్గదు. చినుకు పడితే పుణ్యం పాండవులది. పడకపోతే తిట్టడానికి పోలిగాడు ఉండనే ఉన్నాడు.