రాయి ఎక్కే బండి

రిమోట్ కంట్రోలు బండి అనగానే రయ్యిమని దూసుకుపోయే బొమ్మకారు మనసులో మెదులుతుంది. మేము చెప్పబోయే బండి అందుకు పూర్తిగా భిన్నమైనది. దానిని రాక్ క్రాలర్ అంటారు. నిజమైన జీపులో పదో వంతు పరిమాణం గల ఈ బండి మనిషి నడక కంటే నెమ్మదిగా, బండరాళ్ల మీద పాకుతూ సాగుతుంది. దాని పోటీలో ముందుగా గమ్యం చేరినవాడు విజేత కాడు. రాళ్ల నడుమ జంట గుర్తులు నిలిపి గేట్లు ఏర్పాటు చేస్తారు. నిర్ణీత సమయంలో, వరుస తప్పకుండా, ఏ గుర్తునూ తాకకుండా ఆ గేట్ల గుండా బండిని నడపాలి. మా అబ్బాయి పాల్గొన్న పోటీలో బండిని వెనక్కి తీస్తే ఒక పాయింటు, గుర్తును తాకితే పది పాయింట్లు, బోల్తాపడిన బండిని చేత్తో నిలబెడితే మరో పది. ఎవరి లెక్క తక్కువగా ఉంటే వారిదే గెలుపు. తొందరపడేవాడిని శిక్షించే ఆట మరొకటి ఉందో లేదో కాని, మా ఎరుకలో ఇదొక్కటే.

ఈ క్రీడ అమెరికాలో పుట్టింది. అక్కడి రాతి లోయలలో పెద్ద జీపులతో సాగే పోటీలను చూసి, 2000 తరువాతి సంవత్సరాలలో ఔత్సాహికులు చిన్న బండ్లతో అదే పని మొదలుపెట్టారు. తొలినాళ్లలో ప్రత్యేకమైన కిట్లు లేవు. జపాన్‌కు చెందిన టామియా సంస్థ 1987లో విడుదల చేసిన క్లాడ్ బస్టర్ అనే బొమ్మ ట్రక్కు ఇరుసులు విప్పి, వాటికి చేతితో చేసిన చట్రాలు బిగించి నడిపినవారున్నారు. తరువాత యాక్సియల్ వంటి సంస్థలు ఇందుకోసమే బండ్లు తయారుచేయసాగాయి.

హైదరాబాదులో ఉంటున్న మా ఇంటికి ఈ బండి విడిభాగాల పెట్టెగా వచ్చింది. మా పెద్దబ్బాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. రెండు వేసవి సెలవులలో మొబైల్ మరమ్మతు దుకాణంలో పనిచేసి కూడబెట్టిన 28 వేల రూపాయలు దీనిపై పెట్టాడు. మా అమ్మగారికి అది ఏమాత్రం నచ్చలేదు. దుబారా చేసేవారిని అల్లాహ్ ఇష్టపడడని ఆమె మనవడిని ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పారు. వాడు ఎదురు చెప్పలేదు. “దాదీ, ఆరు నెలలు చూడండి. నేను దీని నుంచి ఏమీ నేర్చుకోలేదని మీకు అనిపిస్తే అమ్మేస్తాను” అన్నాడు. మేమిద్దరమూ ఆ ఒప్పందానికి సాక్షులుగా ఉన్నాము. ఇస్రాఫ్ అన్నది ధరను బట్టి కాక, ఆ సొమ్ము దేనికి ఖర్చవుతున్నదన్న దాన్ని బట్టి తేలవలసిన విషయమని మా అభిప్రాయం. అయినా ఆ మాట అమ్మగారితో అనలేదు.

బండి బిగించడంలో వాడికి తొలి గురువు మా నాన్నగారే అయ్యారు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఆయన పాతికేళ్లు ట్రాక్టర్ నడిపారు. ఇరుసు హౌసింగ్ విప్పి చూసి, “ఇందులో డిఫరెన్షియల్ పళ్లు ఏవి?” అని అడిగారు. మామూలు వాహనం మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఆ తేడాను సర్దేది డిఫరెన్షియల్. అయితే ఒక చక్రం గాలిలోకి లేస్తే ఇంజన్ బలమంతా ఆ ఖాళీ చక్రానికే పోతుంది, నేల మీద ఉన్నది కదలదు. దమ్ముచేసిన మడిలో ట్రాక్టర్ కూరుకుపోయినప్పుడు డ్రైవరు కాలితో డిఫ్‌లాక్ తొక్కేది ఇందుకే. క్రాలర్‌లో ఆ లాక్ శాశ్వతంగా ఉంటుంది. ముందు ఇరుసులోని రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి, వెనుక ఇరుసులోనూ అంతే. మూడు చక్రాలు గాలిలో ఉన్నా నాలుగోది లాగుతుంది. ఈ సంగతి మనవడు వివరించబోయే లోపే తాతగారు నవ్వి, తన ట్రాక్టర్ కథ చెప్పనారంభించారు. ఆ సాయంత్రం బిగింపు పని అంతటితో ఆగింది.

గేర్ల విషయం క్లుప్తంగా చెబుతాము. మా బండిలో మోటారు సుమారు 40 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. వేగం పోతుంది, పట్టు వస్తుంది. మీట వదలగానే మోటారు తనంతట తానే బిగుసుకొని బండిని నిటారు రాతి మీద కూడా నిలిపి ఉంచేలా స్పీడ్ కంట్రోలర్‌లో డ్రాగ్ బ్రేకును నూటికి నూరు శాతం పెట్టుకోవాలి. అది లేకపోతే తక్కినదంతా వృథా.

అసలు కథ బరువుది. బండి రాతిపైకి ముక్కు ఎత్తగానే బరువు వెనుక చక్రాల మీదికి జారుతుంది. ముందు చక్రాలు తేలికై పట్టు కోల్పోతాయి, కొద్దిసేపటికి బండి వెల్లకిలా పడుతుంది. మోటారు ఎంత బలమైనదైతే అంత త్వరగా పడుతుంది. అందుచేత బరువు ముందు వైపు, అదీ వీలైనంత కింద, ఇరుసు దగ్గరే ఉండాలి. మా అబ్బాయి వంటింట్లో పిండి తూచే డిజిటల్ కాటా అడిగి తెచ్చాడు. ముందు చక్రాలు కాటాపై, వెనుక చక్రాలు అంతే ఎత్తున్న పాత డైరీల దొంతరపై పెట్టి తూచాడు. తరువాత తిరగేసి తూచాడు. ముందు 1.22 కిలోలు, వెనుక 1.18 కిలోలు. దాదాపు సరిసమానం. చూడ్డానికి న్యాయంగానే ఉంది గాని రాయి ఎక్కడానికి పనికిరాదు.

మూడు వారాలు అదే పని. వెనుకనున్న పెద్ద బ్యాటరీ తీసి, చిన్నది తెచ్చి ముందు ఇరుసు పైభాగానికి మార్చాడు. ముందు చక్రాలు తిరిగే చోట ఉండే నకిల్స్, ఇరుసు మూత తీసి వాటి స్థానంలో ఇత్తడివి బిగించాడు. బండి పైకప్పు ప్లాస్టిక్‌ను లోపలి నుంచి కోసి తేలిక చేశాడు. కార్లకు వీల్ బ్యాలెన్సింగ్ చేసే దుకాణం నుంచి తాతగారు సీసపు బిళ్లలు తెచ్చిచ్చారు. వాటిని ముందు రిమ్ముల లోపల అంటించాడు. (సీసం విషపదార్థం. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలనీ, ఆ కాటా ఇక వంటింటికి తిరిగి రాకూడదనీ మా ఇంటావిడ షరతు పెట్టింది. కొత్త కాటా కొన్నాము.) చివరికి ముందు 1.50, వెనుక 1.01 కిలోలు తేలింది. నూటిలో అరవై వంతుల బరువు ముందుకు వచ్చిందన్నమాట. అంతకుముందు వెల్లకిలా పడిన రాతినే ఆ రోజు బండి ఆగకుండా ఎక్కింది. మోటారు మారలేదు, బ్యాటరీ బలం పెరగలేదు. ఉన్న బరువు చోటు మారింది, అంతే.

టైర్లలో గాలి ఉండదు. లోపల స్పాంజి ఉంటుంది. మంచి స్పాంజిలో రెండు పొరలుంటాయి. బయటి పొర మెత్తగా ఉండి టైరును రాతి ఆకారానికి ఒదిగేలా చేస్తుంది, లోపలి పొర గట్టిగా ఉండి పక్కవాలులో టైరు మడత పడకుండా ఆపుతుంది. ఇక్కడ మన ప్రాంతపు రాయి గురించి చెప్పాలి. గోల్కొండ కోట నిలిచిన కొండ, నగరం చుట్టూ ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న బండలు, అన్నీ సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. దాని ఉపరితలం గరుకుకాగితంలా ఉండి టైరును బాగా పట్టుకుంటుంది. కాని ఎండకూ వానకూ ఆ రాయి ఉల్లిపొరల్లా ఊడుతుంది, పొడి రాలి గింజలుగా పరుచుకుంటుంది. ఆ గింజల మీద టైరు గోలీల మీద కాలు పెట్టినట్టు జారుతుంది. అమెరికాలో నడిపేవారి సలహాలు చదివి మెత్తటి స్పాంజి వేసిన మా అబ్బాయి, ఇక్కడ కొంచెం గట్టిది మేలని తానే కనుగొన్నాడు. ఆ బండలే ఏటేటా క్వారీలకూ కట్టడాలకూ బలవుతున్నాయి. వాడు నిరుడు సాధన చేసిన ఒక గుట్ట ఇప్పుడు లేదు.

ఇంకొక చిక్కు ఉంది. మోటారు బలం పొడవాటి షాఫ్టు ద్వారా ఇరుసులకు చేరుతుంది కనుక, మీట నొక్కిన ప్రతిసారీ ఆ తిరుగుడుకు బండి దేహం ఒక పక్కకు ఒరుగుతుంది. సమనేలపై అది కంటికి ఆనదు. పక్కవాలు రాతిపై అదే బోల్తాకు దారి తీస్తుంది. వాడు వెనుక ఒక మూల స్ప్రింగును కొద్దిగా గట్టిపరచి, ఇరుసును చట్రానికి కలిపే కడ్డీల కోణం మార్చి ఆ ఒరుగుడును తగ్గించాడు. ప్రతి మార్పునూ నోటుబుక్కులో రాసేవాడు. ఒకసారికి ఒక్కటే మార్పు, ఆపై అదే రాతిపై పదిసార్లు పరీక్ష. ఆరు నెలల గడువు ఎప్పుడు దాటిందో అమ్మగారు గుర్తుచేయలేదు.

మా ఇంట అసలైన చర్చ పోటీ ప్రకటన వచ్చినప్పుడు జరిగింది. నగరం వెలుపల ఒక ఔత్సాహిక బృందం పోటీ పెట్టింది. ప్రవేశ రుసుము 500 రూపాయలు. వచ్చిన సొమ్ములో ఖర్చులు పోగా మిగిలినదంతా మొదటి ముగ్గురికి 5,000, 3,000, 2,000గా పంచుతామన్నారు. మా అబ్బాయి ఆ కాగితం చదివి, “అబ్బా, ఇది ఖిమార్ అవుతుందా?” అని అడిగాడు. నిజానికి మేము ఆ ప్రశ్నను వాడి ముందు ఎలా పెట్టాలా అని ఆలోచిస్తూ ఉన్నాము.

మా మసీదు ఇమామ్ సాహెబ్ దగ్గరికి వెళ్లాము. ఆయన ఆటను తేలిగ్గా కొట్టిపారేయలేదు. దైవప్రవక్త (సఅసం) స్వయంగా గుర్రపు పందేలు ఏర్పాటు చేసిన సంగతి సహీహ్ బుఖారీలో ఉన్నదని గుర్తుచేశారు. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్‌యా నుంచి సనియ్యతుల్ వదా వరకు ఐదారు మైళ్ల దూరం, తర్ఫీదు లేని వాటికి సనియ్యా నుంచి బనూ జురైఖ్ మసీదు వరకు సుమారు ఒక మైలు. ఆ మాట వినగానే మా అబ్బాయి ముఖం వెలిగింది. క్రాలర్ పోటీల్లోనూ చక్రాల పరిమాణాన్ని బట్టి, బండి కొలతలను బట్టి తరగతులుంటాయి. దేని జతతో దానినే పోటీకి నిలపడం ఎంత పాత న్యాయమో వాడికి అప్పుడు తెలిసింది.

సొమ్ము విషయంలో మాత్రం ఇమామ్ సాహెబ్ స్పష్టంగా చెప్పారు. పోటీదారులందరూ డబ్బు వేసి, ఓడినవారి సొమ్ము గెలిచినవారికి చేరే ఏర్పాటు జూదం కిందికి వస్తుంది. రుసుము ఖర్చులకే సరిపోయి, బహుమతిని పోటీలో లేనివారు ఇస్తే అది వేరు. ఇలాంటి ఆటలకు బహుమతి పుచ్చుకోవడంపైనే పండితుల మధ్య చర్చ ఉందని కూడా చెప్పి, సందేహం ఉన్నచోట దూరంగా ఉండడం మేలన్నారు.

మేము మా అబ్బాయిని వెళ్లమనీ అనలేదు, మానమనీ అనలేదు. వాడే నిర్వాహకులకు ఫోను చేసి, ఖర్చుల వాటా మాత్రం చెల్లిస్తాననీ, బహుమతి లెక్కలో తనను చేర్చవద్దనీ కోరాడు. అవతలివారు ముస్లింలు కారు, ఇలాంటి విన్నపం వారికి కొత్త. ఎందుకని అడిగి, ఓపిగ్గా విని, 100 రూపాయలు కట్టి రమ్మన్నారు. గెలిచిన స్థానం జాబితాలో ఉంటుంది, డబ్బు తరువాతి వారికి పోతుంది. అదీ ఒప్పందం.

పోటీ ఆదివారం ఉదయం. 24 బండ్లు, పది గేట్లు. ఏడో గేటు దగ్గర పక్కకు వాలిన నున్నటి బండ, దాని అంచునే గుర్తు. చాలామంది అక్కడ మీట గట్టిగా నొక్కారు. బండ్లు గుర్తుకు తగిలాయి, కొన్ని దొర్లిపడ్డాయి. మా అబ్బాయి మూడుసార్లు వెనక్కి తీసుకున్నాడు. మూడు పాయింట్లు పోయాయి గాని పది పోలేదు. తొమ్మిదో గేటులో చక్రాలు తిప్పే సర్వో వేడెక్కి బలహీనపడింది. ఇత్తడి బరువు ఇంతకాలం దానిపైనే పడుతూ వచ్చింది మరి. చక్రాలు సగమే తిరిగాయి, గుర్తు తగిలింది. మొత్తం మీద మూడో స్థానం వచ్చింది. వాడికి రావలసిన రెండు వేలు నాలుగో స్థానంలో నిలిచిన యువకుడికి ఇచ్చారు. అతడు కవరు చేతిలో పట్టుకొని మా అబ్బాయి వంక కాసేపు అలాగే చూసి, ఆపై వచ్చి కరచాలనం చేశాడు.

ఇంటికి వచ్చాక అమ్మగారు, “కొత్త సర్వో ఎంత?” అని అడిగారు. రెండు వేల నాలుగు వందలని వాడు చెప్పాడు. ఆమె లెక్క వేసుకున్నారని మాకు అర్థమైంది. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి వాడికి అన్నం వడ్డించారు. అసర్ నమాజు తరువాత తాతా మనవలు వరండాలో వార్తాపత్రిక పరచి పాత సర్వో విప్పారు. లోపలి నాలుగు గేర్లలో ఒకదాని పన్ను విరిగి ఉంది. మోటారు మాత్రం బాగానే ఉంది. గేర్ల సెట్టు మాత్రమే వేరుగా దొరుకుతుందేమో వాకబు చేస్తున్నారు.